పర్వత హిమానీనదాల చలనం, రూపవిక్రియ: క్షేత్ర పరిశోధన

పర్వతాల ఎగువ భాగంలో కురిసిన మంచు వేసవిలో పూర్తిగా కరిగిపోకుండా కొంత మిగులుతుంది. దాని మీద మరుసటి ఏడు మరో పొర పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా పేరుకున్న పొరలు పైబరువుకు అణిగి గట్టి గడ్డమంచుగా మారతాయి. సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 830 కిలోలకు చేరేసరికి రేణువుల మధ్య గాలి దారులు మూసుకుపోతాయి. మిగిలిన గాలి బుడగలుగా చిక్కుకుంటుంది. ఈ గడ్డమంచు తగినంత మందం కట్టాక తన బరువుకు తానే లోయ వెంట కిందికి కదలడం మొదలుపెడుతుంది. అప్పటి నుంచే దాన్ని హిమానీనదం అంటారు. కదలిక లేనిది ఎంత పెద్దదైనా మంచు దిబ్బ మాత్రమే.

కదలిక మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది మంచు లోపలి సాగుదల. పై పొర కింది పొర కంటే కాస్త ఎక్కువ దూరం పోతుంది, ఆ తేడాలన్నీ కలిసి పైభాగంలో పెద్ద వేగంగా కనిపిస్తాయి. దీన్ని అంతర్గత రూపవిక్రియ అంటారు. రెండోది మంచు మొత్తంగా రాతి నేల మీద జారడం. మూడోది, అడుగున రాయికి బదులు తడిసిన మట్టీ గులకరాళ్లూ ఉన్నచోట ఆ మట్టే సాగి మంచును మోసుకుపోవడం. పైన నిలబడి కొలిచే వేగం ఈ మూడింటి మొత్తం. అందులో దేని వాటా ఎంతో పైనుంచి తెలియదు. పర్వత హిమానీనదాల మీద రెండు వందల ఏళ్లుగా జరుగుతున్న క్షేత్ర పరిశోధనలో అధికభాగం ఈ మొత్తాన్ని విడదీసి చూడటానికి చేసిన ప్రయత్నమే.

ఆల్ప్స్‌లో తొలి కొలతలు

మంచు కదులుతుందన్న సంగతి పండితుల కంటే ముందు లోయల్లో బతికేవారికి తెలుసు. 17వ శతాబ్దంలో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న షమొనీ లోయలో హిమానీనదాలు ఊళ్ల దాపులకు వచ్చాయి. 1644లో జెనీవా బిషప్పు అక్కడికి వెళ్లి, మంచు వెనక్కి పోవాలని ప్రార్థనలు జరిపాడు. కదులుతుందా లేదా అన్నది కాక, ఎందుకు కదులుతుందన్నదే వివాదమైంది. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి మంచును ముందుకు నెడుతుందని 18వ శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు షాయిక్సర్ అన్నాడు. బరువు వల్ల నేల మీద జారుతుందని ఆ శతాబ్దం చివర్లో సొస్యూర్ వాదించాడు. ఇద్దరి దగ్గరా వాదనను తేల్చగల కొలత లేదు.

తొలి కొలతకు దారి తీసినది ఒక గుడిసె. 1827లో ఫ్రాంజ్ యోసెఫ్ హూగి స్విట్జర్లాండ్‌లోని ఉంటెరార్ హిమానీనదం మీద, రెండు మంచు ప్రవాహాలు కలిసేచోట, తన పరిశీలనల కోసం రాళ్లతో ఒక గుడిసె కట్టించాడు. తరువాతి ఏళ్లలో అది ఎంత కిందికి వచ్చిందో తానే కొలిచాడు. 1839లో స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ అక్కడికి వెళ్లేసరికి గుడిసె మొదటి చోటికి ఒక కిలోమీటరుకు పైగా దిగువన ఉంది. అంటే ఏడాదికి సుమారు నూరు మీటర్ల నడక. మరుసటి ఏడు అగాసీ అదే హిమానీనదం మీద ఒక పెద్ద బండ కింద మకాం పెట్టి, కొన్నేళ్ల పాటు వేసవుల్లో తన బృందంతో అక్కడే గడిపాడు. నీరు తొలిచిన నిలువు బావిలోకి తాళ్ల సాయంతో దిగి మంచు పొరలను కళ్లారా చూశాడు. 1841లో ఆయన బృందం హిమానీనదానికి అడ్డంగా ఆరు గడలు పాతింది. 1842లో వాటిని తిరిగి కొలిస్తే నడుమ ఉన్న గడలు బాగా ముందుకు పోయాయి, అంచుల్లోవి వెనకబడ్డాయి.

ఇదే ఫలితాన్ని మరింత సూక్ష్మంగా అందించినవాడు ఎడిన్‌బరో ఆచార్యుడు జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్. 1841లో ఆయన అగాసీకి అతిథిగా ఉంటెరార్‌కు వచ్చాడు. 1842 వేసవిలో కోణాలు కొలిచే థియోడొలైట్ పట్టుకుని షమొనీ దగ్గరి మేర్ ద గ్లాస్ హిమానీనదం మీదికి వెళ్లాడు. ఏడాది ఆగనవసరం లేకుండా, గంటల్లో జరిగే కదలికను కూడా పక్కనున్న కొండ మీది గుర్తులతో పోల్చి కొలవవచ్చని చూపించాడు. కదలిక రాత్రీ పగలూ ఆగడం లేదు. నడుమ వేగం ఎక్కువ, అంచుల్లో తక్కువ. వెచ్చని రోజుల్లో, వానలు పడ్డాక వేగం పెరుగుతోంది. వ్యాకోచ సిద్ధాంతం ఈ కొలతల ముందు నిలవలేకపోయింది. ఎందుకంటే ఆ సిద్ధాంతం ప్రకారం కదలిక నీరు గడ్డకట్టే వేళల్లోనే రావాలి. హిమానీనదం జిగట ద్రవంలా ప్రవహిస్తుందని ఫోర్బ్స్ 1843లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. ముందు కొలిచింది ఎవరన్న తగువు ఆయనకూ అగాసీకీ మధ్య చాలా కాలం నడిచింది. అయితే వాన పడితే వేగం పెరుగుతుందన్న ఫోర్బ్స్ పరిశీలన ఆ తగువు కంటే ఎంతో విలువైనది. దానికి సరైన కారణం దొరకడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

ఫోర్బ్స్ లెక్కకు ఒక విషాదకరమైన పరీక్ష ఎదురైంది. 1820 ఆగస్టులో మోం బ్లాం శిఖరానికి బయల్దేరిన ఒక బృందంలోని ముగ్గురు దారిచూపరులు మంచు ప్రవాహానికి కొట్టుకుపోయి లోతైన పగులులో పడిపోయారు. తాను కొలిచిన వేగాలను బట్టి సుమారు నలభై ఏళ్లకు వారి అవశేషాలు దిగువన బయటపడతాయని ఫోర్బ్స్ అంచనా కట్టాడు. 1861లో బోసాన్ హిమానీనదం దిగువ భాగంలో అవి బయటపడ్డాయి.

ఐర్లాండ్‌లో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1857లో మేర్ ద గ్లాస్ మీద మరో ప్రశ్న వేసుకున్నాడు. నడుమకూ అంచుకూ వేగం తేడా ఉంది సరే, పైకీ లోతుకూ తేడా ఉందా? తాకుల్ దగ్గర హిమానీనదం పక్కన సుమారు 140 అడుగుల ఎత్తున నిట్టనిలువుగా తెగిన మంచుగోడ ఒకటి బయటపడి ఉంది. దాని మీద మూడు ఎత్తుల్లో మేకులు దిగ్గొట్టించి కొలిస్తే, రోజుకు పై మేకు సుమారు 15 సెంటీమీటర్లు, నడిమిది 12 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, అడుగుది 6.5 సెంటీమీటర్లు కదిలాయి. రాళ్లు దొర్లిపడే గోడ కింద నిలబడి చేసిన ఈ కొలత పర్వత హిమానీనద శాస్త్రంలోని గొప్ప కొలతల్లో ఒకటి. మంచు లోపల పొరలు ఒకే వేగంతో పోవడం లేదన్నది ఆ మూడు అంకెలతో రుజువైంది. అయితే గోడ అంచున కొలిచినది నడిమి లోతులకు వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకు మంచును తొలుచుకుంటూ నేల దాకా పోవాలి.

బోరు గొట్టం తేల్చిన వివాదం

19వ శతాబ్దం చివరి ఏళ్ల నుంచి ఆస్ట్రియాలోని హిన్‌టరైస్‌ఫెర్నర్ మీద బ్లూమ్కె, హెస్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి పనిముట్లతో నేల దాకా బోర్లు వేశారు. వారు ముఖ్యంగా కోరింది మందం ఎంతో తెలుసుకోవడం. లోతును బట్టి వేగం ఎలా మారుతుందన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది మాత్రం ఒక తప్పు సిద్ధాంతం వల్ల. స్విట్జర్లాండ్‌లోని క్లారిడెన్‌ఫిర్న్ మీద ఏటా చేరే మంచుకూ, పైభాగపు వేగాన్ని బట్టి దిగువకు పోవాల్సిన మంచుకూ లెక్క కుదరడం లేదని ష్ట్రైఫ్-బెకర్ 1930లలో గమనించాడు. అడుగు పొరలు పై పొరల కంటే వేగంగా బయటికి నెట్టుకుపోతున్నాయన్నది ఆయన ఇచ్చిన వివరణ. అమెరికాలో మాక్స్ డెమరెస్ట్ కూడా ఇదే భావాన్ని సమర్థించాడు. పైబరువు ఎక్కువైనచోట మంచు మెత్తబడి పిండినట్టు బయటికి వస్తుందన్న ఈ మాట వినడానికి సబబుగానే ఉండటంతో చాలామంది నమ్మారు.

దీన్ని పరీక్షించినవారిలో ముఖ్యుడు మాక్స్ పెరుట్జ్. తరువాత హీమోగ్లోబిన్ అణు నిర్మాణాన్ని తేల్చి 1962లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. 1938లో యుంగ్‌ఫ్రౌయోఖ్ మీద మంచు స్ఫటికాలను పరిశీలించిన బృందంలోనూ ఆయన ఉన్నాడు. 1948లో అలెచ్ హిమానీనదానికి మంచు అందించే యుంగ్‌ఫ్రౌఫిర్న్‌లో, విద్యుత్తుతో వేడెక్కే మొనను వాడి 137 మీటర్ల లోతుకు నిలువుగా ఒక ఉక్కు గొట్టాన్ని దించారు. ఆ తరువాత గొట్టం లోపలికి వాలును కొలిచే సాధనాన్ని పంపి, ఏ లోతున ఎంత వంగిందో చూశారు. 1950 నాటికి గొట్టం పైభాగం దిగువ వైపు వంగి ఉంది. పైన వేగం ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తక్కువ. అడుగు పొరలు ముందుకు దూసుకుపోతున్న జాడ ఎక్కడా లేదు. దాదాపు అదే కాలంలో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జాన్ నై ఆ సిద్ధాంతం యాంత్రిక శాస్త్రానికి కూడా విరుద్ధమని చూపించాడు. అడుగు పొర పై పొరను ముందుకు లాగుతూ ఉంటే, ఆ పై పొరను వెనక్కి పట్టి ఉంచే బలం ఎక్కడా ఉండదు.

ఈ పద్ధతి ఇప్పటికీ మారలేదు. సాధనాలు మాత్రం మారాయి. ఉక్కు గొట్టం బదులు వేడినీటిని ఒత్తిడితో చిమ్మి బోరు వేస్తారు. అందులోకి వాలును, ఉష్ణోగ్రతను, నీటి ఒత్తిడిని నమోదు చేసే సాధనాలను ఒకే కేబుల్‌కు కట్టి దించుతారు. బోరు గడ్డకట్టి మూసుకుపోయాక అవి మంచుతో పాటే వంగుతూ నెలల తరబడి సమాచారం పంపుతాయి.

మంచు ఎంత సులభంగా సాగుతుంది

మంచు స్ఫటికంలో నీటి అణువులు షడ్భుజాలుగా పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఆ పొరలకు సమాంతరంగా తోస్తే స్ఫటికం పేకముక్కల కట్టలాగా తేలిగ్గా జరుగుతుంది. అడ్డంగా తోస్తే ఎంతో గట్టిగా నిలుస్తుంది. 1890 ప్రాంతంలో మెకానెల్ ఒంటి స్ఫటికాలతో చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. హిమానీనదంలో లెక్కలేనన్ని స్ఫటికాలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి మొత్తం ముద్ద ప్రవర్తన వేరు. దాన్ని 1950లలో కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో జాన్ గ్లెన్ కొలిచాడు. మంచు దిమ్మెల మీద బరువులు పెట్టి, అవి నెమ్మదిగా కుంగడాన్ని రోజుల తరబడి నమోదు చేశాడు. మీద పడే ప్రతిబలం రెట్టింపైతే సాగే వేగం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుంది. సాగుదల రేటు ప్రతిబలం ఘనానికి సుమారు అనుపాతంలో ఉంటుందన్న ఈ సంబంధాన్ని గ్లెన్ సూత్రం అంటారు. మామూలు ద్రవాలు ఇలా ప్రవర్తించవు. జిగట ద్రవమన్న ఫోర్బ్స్ మాట సగం నిజం మాత్రమేనని ఇక్కడ తేలింది.

ప్రయోగశాల అంకెలు పర్వతం మీద పనికొస్తాయా అన్నది తరువాతి ప్రశ్న. నై 1953లో ప్రచురించిన వ్యాసంలో మూడు వేర్వేరు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టాడు. మంచులో తవ్విన సొరంగాలు పైబరువుకు ఎంత వేగంగా పూడుకుపోతున్నాయి, యుంగ్‌ఫ్రౌఫిర్న్ గొట్టం ఎలా వంగింది, గ్లెన్ దిమ్మెలు ఎలా కుంగాయి. మూడూ స్థూలంగా ఒకే సూత్రాన్ని చెప్పాయి. పెద్ద సిద్ధాంతాల కంటే ఇలాంటి పొందికే ఈ శాస్త్రానికి నమ్మకమైన పునాది వేసింది.

సూత్రం ఎంత తీవ్రంగా పనిచేస్తుందో ఒక లెక్కలో చూడవచ్చు. 100 మీటర్ల మందం, ఆరున్నర డిగ్రీల వాలు ఉన్న హిమానీనదం అడుగున ప్రతిబలం సుమారు 100 కిలోపాస్కల్‌లు ఉంటుంది. మంచు కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే కేవలం లోపలి సాగుదల వల్ల పైభాగం ఏడాదికి నాలుగు మీటర్ల దాకా కదులుతుంది. వాలు అదే ఉండి మందం 200 మీటర్లయితే ఆ వేగం పదహారు రెట్లై అరవై మీటర్లు దాటుతుంది. మందం సగానికి తగ్గితే వేగం పదహారో వంతుకు పడిపోతుంది. ఉష్ణోగ్రతది కూడా పెద్ద పాత్రే. మైనస్ 10 డిగ్రీల దగ్గరి మంచు కరిగే స్థానంలోని మంచుతో పోలిస్తే సుమారు ఏడో వంతు వేగంతోనే సాగుతుంది.

నేల మీద ఏం జరుగుతోంది

బోర్లు నేలను తాకాక ఇబ్బంది పెట్టే నిజం ఒకటి బయటపడింది. కెనడాలోని అతబాస్కా హిమానీనదం మీద సావేజ్, పాటర్సన్ 1963లో ప్రచురించిన కొలతల ప్రకారం 322 మీటర్ల లోతున్న ఒక బోరు దగ్గర పైభాగపు కదలికలో జారుడు వాటా సుమారు 10 శాతం. అదే హిమానీనదం మీద 209 మీటర్ల మరో బోరు దగ్గర సుమారు 75 శాతం. మంచు ఒకటే, వాతావరణం ఒకటే, నేల మీది పరిస్థితులే వేరు. ఛార్లెస్ రేమండ్ అక్కడే అడ్డకోత పొడవునా తొమ్మిది బోర్లు వేసి, 1971లో పూర్తి చిత్రం ఇచ్చాడు. హిమానీనదం వెడల్పులో సగం మేర జారుడు వాటా 70 శాతం దాటుతోంది, అంచుల దగ్గర మాత్రం జారుడు దాదాపు లేదు. అంచుల్లో కూడా నడుమలాగే జారుతుందని అనుకుని అప్పటిదాకా వేసిన లెక్కలను ఇది తలకిందులు చేసింది.

నేలను కళ్లతో చూడటానికి మార్గాలు రెండే. సొరంగం తవ్వడం, లేదా మంచుకూ రాతికీ మధ్య సహజంగా ఏర్పడిన ఖాళీల్లోకి వెళ్లడం. 1951 ప్రాంతంలో నార్వేలోని వెస్ల్-స్కౌట్‌బ్రీన్ అనే చిన్న హిమానీనదంలో కేంబ్రిడ్జ్ బృందం ఒకటి నేల దాకా సొరంగం తవ్వింది. అక్కడి మంచు గిన్నెలాంటి లోతట్టులో దాదాపు ఒకే ముద్దగా తిరుగుతూ జారుతోందని తేలింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న బ్లూ హిమానీనదంలో బార్‌క్లే కాంబ్, ఎడ్వర్డ్ లషాపెల్ తవ్విన సొరంగం 26 మీటర్ల లోతున రాతిని తాకింది. 1964లో ప్రచురించిన ఆ పరిశీలనలో జారుడు రోజుకు సుమారు 1.6 సెంటీమీటర్లు, మొత్తం కదలికలో దాదాపు 90 శాతం. అడుగున కొన్ని సెంటీమీటర్ల మందాన పై మంచుకు భిన్నమైన పొర ఒకటి వారికి కనిపించింది. రాతి గుబ్బకు ఎగువన ఒత్తిడికి మంచు కరిగి, ఆ నీరు గుబ్బను చుట్టి దిగువకు చేరి మళ్లీ గడ్డకట్టగా ఏర్పడిన పొర అది. చిన్న గుబ్బలను మంచు ఇలా కరుగుతూ గడ్డకడుతూ దాటుతుందనీ, పెద్దవాటిని సాగుతూ దాటుతుందనీ 1957లో వీర్ట్‌మన్ ప్రతిపాదించిన సిద్ధాంతంలోని మొదటి సగానికి అక్కడ ప్రత్యక్ష సాక్ష్యం దొరికింది.

ఫ్రాన్స్‌లోని ఆర్జాంటియేర్ హిమానీనదం కింద, జలవిద్యుత్ పనుల కోసం తవ్విన సొరంగాల గుండా చేరగల ఒక సహజమైన గుహ ఉంది. దాని పైకప్పు కదిలే మంచు. ఆ మంచుకు ఆనించి ఒక సైకిలు చక్రాన్ని బిగించి, అది తిరిగే వేగాన్ని బట్టి జారుడును దశాబ్దాలుగా నిరంతరాయంగా కొలుస్తున్నారు. నార్వేలోని ఎంగాబ్రీన్ కింద 1990ల తొలినాళ్ల నుంచి ఒక శాశ్వత ప్రయోగశాల నడుస్తోంది. సుమారు 200 మీటర్ల మంచు కింద, రాతి సొరంగం చివర నుంచి వేడినీటితో మంచులో గది కరిగించుకుని, రాతి మీద సాధనాలు బిగిస్తారు. పైబరువుకు ఆ గది మళ్లీ పూడుకుపోతుంది.

నీటి పాత్ర తేలినది ఆల్ప్స్‌లోనే. ఉంటెరార్ మీద వేసవి కరుగుదల మొదలయ్యే రోజుల్లో హిమానీనదం మొత్తం 60 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తోందని ఆల్ముట్ ఇకెన్, ఆమె సహచరులు 1983లో ప్రచురించారు. అంత బరువును పైకి లేపింది అడుగున ఒత్తిడితో చేరిన నీరు. ఆ తరువాత ఫిండెలెన్ హిమానీనదం మీద ఇకెన్, బిండ్‌షాడ్లర్ బోర్లలోని నీటిమట్టాన్నీ పైభాగపు వేగాన్నీ ఒకేసారి కొలిచారు. నీటి ఒత్తిడి పెరిగితే వేగం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. 1842లో వానల తరువాత వేగం పెరగడాన్ని ఫోర్బ్స్ గమనించాడు కదా, దాని కారణం ఇదీ. అయితే నీరు ఎక్కువైనంత మాత్రాన వేగం ఎప్పుడూ పెరగదు. వేసవి ముదిరేకొద్దీ నీరు అడుగున పెద్ద కాలువలు కరిగించుకుంటుంది. అవి నీటిని త్వరగా బయటికి పంపేయడంతో ఒత్తిడి తగ్గి, ఎండలు మండుతున్నా హిమానీనదం నెమ్మదిస్తుంది.

మెత్తని నేల గురించి తొలి గట్టి సాక్ష్యం ఐస్‌లాండ్ నుంచి వచ్చింది. బ్రెయిదమెర్కుర్‌యోకుల్ అంచున బౌల్టన్ బృందం మంచు కిందికి సొరంగం తవ్వి, అడుగు మట్టిలో గుర్తులు పాతింది. కొంతకాలం తరువాత తవ్వి చూస్తే అవి లోతును బట్టి వేర్వేరు దూరాలు జరిగి ఉన్నాయి. ఆ చోట ముందుకు జరిగిన కదలికలో సుమారు 90 శాతం మట్టి సాగడం వల్ల వచ్చిందే.

పైభాగం మీది గుర్తులు

క్షేత్ర పరిశోధకుల నిత్యకృత్యం ఇప్పటికీ గడలే. ఆవిరి డ్రిల్లుతో మంచులో కొన్ని మీటర్ల లోతుకు రంధ్రం చేసి వెదురు లేదా అల్యూమినియం గడను దించుతారు. వేసవి చివర గడ ఎంత బయటపడిందో చూస్తే కరుగుదల తెలుస్తుంది. దాని స్థానాన్ని జీపీఎస్‌తో కొలిస్తే చలనం తెలుస్తుంది. ఎగువన గడలు ఏటా మంచులోకి కాస్త మునుగుతూ పోతాయి, ఎందుకంటే అక్కడ మంచు కిందికి దిగుతూ ప్రవహిస్తుంది. దిగువన అది పైకి తేలుతూ ప్రవహిస్తుంది. అందుకే ఎగువన పూడుకుపోయినది ఏదైనా దశాబ్దాల తరువాత దిగువన తేలుతుంది. రూపవిక్రియను కొలవాలంటే ఒక్క గడ చాలదు. చతురస్రంగా నాలుగు, నడుమ ఒకటి పాతి, వాటి మధ్య దూరాలు ఎలా మారుతున్నాయో చూస్తే మంచు ఏ దిక్కున సాగుతోందో, ఏ దిక్కున నొక్కుకుపోతోందో, ఎంత మెలిపడుతోందో లెక్కకు వస్తుంది. ఈ ఐదు గడల పద్ధతిని 1959లో నై రూపొందించాడు. అమెరికా భూవైజ్ఞానిక సర్వే శాస్త్రవేత్త మార్క్ మేయర్ కెనడాలోని సస్కాచివాన్ హిమానీనదం మీద 1952 నుంచి 1954 దాకా గడలతో చేసి, 1960లో ప్రచురించిన విశ్లేషణ ఈ రకం పనికి చాలాకాలం నమూనాగా నిలిచింది.

ఏ సాధనమూ లేకుండా కంటికి కనిపించే గుర్తులు నెర్రెలు. మంచు సాగదీతకు ఓర్చుకోలేనిచోట పగులుతుంది. వాలు హఠాత్తుగా పెరిగేచోట ప్రవాహానికి అడ్డంగా, అంచుల దగ్గర ఒడ్డు నుంచి ఎగువ వైపు ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. ఎగువ వైపు తిరిగి ఉండటం చూసి, అంచుల మంచే నడిమి మంచు కంటే వేగంగా పోతోందేమోనని తొలి రోజుల్లో కొందరు భ్రమపడ్డారు. అంచుల్లో కలిగే మెలి వల్ల సాగదీత సరిగ్గా ఆ పగుళ్లకు లంబంగా ఉంటుందని కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు విలియం హాప్కిన్స్ 1840లలో వివరించాడు. నెర్రెల లోతు సాధారణంగా 25-30 మీటర్లు దాటదు, ఆపైన బరువుకు మంచు సాగి పగులును మూసేస్తుంది. నిటారు మంచుజారుల దిగువన కనిపించే నల్లని తెల్లని వంపు పట్టీలు మరో గుర్తు. మేర్ ద గ్లాస్ మీద వీటిని తొలిసారి వర్ణించినదీ ఫోర్బ్స్. ఒక నల్ల పట్టీ, ఒక తెల్ల పట్టీ కలిసి ఒక ఏడాది. కాబట్టి జతల మధ్య దూరమే ఏడాది నడక. అవి నడుమ ముందుకు వంగి ఉండటం వేగాల తేడాకు నేల మీద గీసిన పటం.

ఉరకలు వేసే హిమానీనదాలు

కొన్ని హిమానీనదాలు దశాబ్దాల పాటు నెమ్మదిగా ఉండి, ఒక్కసారిగా మామూలు వేగానికి పది నుంచి వంద రెట్లతో ఉరుకుతాయి. కారకోరంలోని కుటియా 1953లో మూడు నెలల్లో సుమారు 12 కిలోమీటర్లు ముందుకు దూసుకొచ్చి స్టాక్ లోయను ముంచెత్తింది. ఉరుకును మొదటి నుంచి చివరి దాకా సాధనాలతో పట్టుకున్న ఘనత అలాస్కాలోని వేరియగేటెడ్ హిమానీనదం మీద పనిచేసిన బృందానిది. దాని ఉరుకులు సుమారు ఇరవై ఏళ్లకొకసారి వస్తున్నాయని తెలిసి, 1973 నుంచే ఏటా కొలుస్తూ ఎదురు చూశారు. 1982-83లో ఉరుకు వచ్చింది. ఒక దశలో వేగం రోజుకు 65 మీటర్లు. బోర్లలో నీటి ఒత్తిడి మంచు బరువును దాదాపు మోసేంతగా పెరిగింది. 1983 జులై మొదటి వారంలో అడుగు నుంచి బురద నీరు వరదగా బయటపడింది, ఆ వెంటనే వేగం పడిపోయింది. నీరు పెద్ద కాలువల్లో కాక ఒకదానికొకటి సన్నని దారులతో కలిసిన గుంటల్లో చిక్కుకుపోవడమే ఉరుకుకు మూలమని కాంబ్ వివరించాడు.

హిమాలయాల్లో

భారత భూవైజ్ఞానిక సర్వే 1906 నుంచి కుమావూ, లాహౌల్ ప్రాంతాల్లో హిమానీనదాల ముక్కు (దిగువ కొస) దగ్గర రాళ్ల మీద గుర్తులు వేయించింది. 1935లో జె.బి. ఆడెన్ గంగోత్రి హిమానీనదం చివర ఉన్న గోముఖాన్ని సర్వే చేసి పటం గీశాడు. ఇవి ముక్కు ముందుకు వచ్చిందా వెనక్కి పోయిందా అని చెప్పే కొలతలే కానీ, మంచు వేగాన్ని చెప్పేవి కావు. ముక్కు వెనక్కి జరుగుతున్నప్పుడు కూడా మంచు ముందుకే ప్రవహిస్తూ ఉంటుంది. ఈ రెండూ ఒకటేనని వార్తల్లో ఇప్పటికీ పొరబడటం కనిపిస్తుంది.

చలనాన్ని క్రమపద్ధతిలో చూడటానికి హిమాచల్ ప్రదేశ్‌లోని ఛోటా షిగ్రీ ముఖ్యమైన చోటు. చంద్రా నది లోయలో ఉన్న ఈ హిమానీనదం పొడవు సుమారు 9 కిలోమీటర్లు. శాస్త్ర సాంకేతిక శాఖ 1986 నుంచి 1989 దాకా ఇక్కడికి బహుశాస్త్ర యాత్రలు నడిపింది. 2002 నుంచి జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, ఫ్రెంచి పరిశోధకులు కలిసి వెదురు గడలతో ఏటా కొలుస్తున్నారు. రాడార్‌తో చూస్తే ఎగువ అడ్డకోతల్లో మందం 270 మీటర్ల దాకా ఉంది. అడ్డకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ఏడాదికి ఎంత మంచు దిగువకు పోతోందో తెలుస్తుంది. 2003-04తో పోలిస్తే 2009-10 నాటికి ఆ పరిమాణం స్పష్టంగా తగ్గింది. ధ్రువ, సముద్ర పరిశోధనల జాతీయ కేంద్రం 2016లో స్పితిలో హిమాంశ్ అనే పరిశోధన కేంద్రాన్ని తెరిచింది. ఉపగ్రహ చిత్రాల వైపు నుంచి చూస్తే, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల హిమానీ సరస్సుల అట్లాసులను ప్రచురించింది. వేగం మందగించి, చదునుబడిన దిగువ భాగాల్లోనే ఆ సరస్సులు ఎక్కువగా పుడతాయి.

నెమ్మదించడం ఒక్క లోయకు పరిమితం కాదు. 2000 తరువాతి ల్యాండ్‌శాట్ చిత్రాల జతలను పది లక్షల దాకా పోల్చిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. ఆసియా ఎత్తైన పర్వతాల్లోని పదకొండు ప్రాంతాల్లో తొమ్మిదింట హిమానీనదాలు వేగం కోల్పోయాయి. లాహౌల్-స్పితి ఎక్కువగా నెమ్మదించిన వాటిలో ఒకటి. మందం నిలకడగా ఉన్న కారకోరం, పశ్చిమ కున్‌లున్ ప్రాంతాల్లో వేగం కొంచెం పెరిగింది. ఈ తేడాల్లో అధికభాగానికి మందం, వాలు మారడమే చాలిన వివరణ అని తేలింది. మందం తగ్గితే వేగం ఎంతగా కూలిపోతుందో గ్లెన్ సూత్రం ముందే చెప్పింది. ఇది అంకెల విషయం మాత్రమే కాదు. నెమ్మదించిన హిమానీనదం ఎగువ మంచును కరిగే ఎత్తులకు తక్కువగా పంపుతుంది, దిగువ నాలుక ఉన్నచోటే పలచబడుతుంది. దిగువ ఊళ్ల కాలువల్లో వేసవి నీరు ఎన్నాళ్లు ఉంటుందన్నది ఈ పంపకం మీదే ఆధారపడి ఉంది.

రాళ్లతో కప్పుకున్న హిమాలయ నాలుకల మీద గడలు పాతడం కష్టం. నేపాల్‌లోని లిరుంగ్ మీద 2013లో డ్రోన్‌తో వానాకాలానికి ముందూ తరువాతా చిత్రాలు తీసి, బండల స్థానాలను పోల్చి కదలికను రాబట్టారు. కానీ పైనుంచి తీసిన ఏ చిత్రమూ జారుడును సాగుదలను విడదీయలేదు. దానికి బోర్లే కావాలి, హిమాలయాల్లో అవి చాలా కొద్ది. ఎవరెస్టు కింది ఖుంబూ హిమానీనదం రాతి కప్పు కింద 2017, 2018 సంవత్సరాల్లో వేడినీటితో బోర్లు వేసి ఉష్ణోగ్రత సాధనాలు దించారు. దొరికిన అతి చల్లని మంచు మైనస్ 3.3 డిగ్రీలే, అక్కడి గాలి సగటు ఉష్ణోగ్రత కంటే రెండు డిగ్రీలు వెచ్చన. ఎత్తును బట్టి ఊహించిన దానికంటే ఈ మంచు మెత్తనిది, కరిగే స్థానానికి దగ్గరది. అది నేలకు గడ్డకట్టి అతుక్కుని ఉందా, నీటి పొర మీద జారుతోందా అన్నది ఈ కొద్ది డిగ్రీలలోనే తేలాలి. రాబోయే దశాబ్దాల్లో ఖుంబూ ఎంత మంచును కిందికి పంపగలదో లెక్క కట్టే నమూనాలన్నిటికీ మొదట కావలసిన అంకె అదే.